తడి ఊక, పొడి శాంపిల్

అద్దాల బీరువాలో

ఈ మధ్య సూర్యాపేటలో ఒక కాలేజీ వాళ్ళు నన్ను పిలిచారు. కెమిస్ట్రీ పిల్లలకు నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రిటైరైన మనిషికి ఇలాంటి పిలుపు వస్తే సంతోషమే కదా. ఇస్త్రీ చీర కట్టుకుని, ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. ముందు లాబ్ చూపించండి అన్నాను. బొగ్గులాంటివి కాల్చి వాటిలో వేడి ఎంతో కొలిచే బాంబ్ కెలోరీమీటర్ ఉంది. మంచి రకమే. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పూలదండ ఒక్కటే తక్కువ.

"దీనిలో ఎప్పుడన్నా ఏమన్నా కాల్చారా?" అని అడిగాను.

"లేదు మేడం. ఆక్సిజన్ సిలిండర్ లేదు. సీనియర్ల రికార్డు సూసి రాసుకుంటం," అంది ఒక అమ్మాయి.

"మార్కులు వస్తాయా?"

"ఫుల్ వస్తయ్ మేడం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లను ఏమనగలను? నిజం చెప్పింది. పక్కన నిలబడి నవ్విన లెక్చరర్‌ను అనాలి. అన్నాను కూడా. చెప్పాల్సిన నాలుగు మాటలు పక్కన పెట్టి, కాల్చకుండా అంకె రాయడం ఎంత పాడు పనో ఆయనకూ పిల్లలకూ కలిపి వినిపించాను. తిరిగి వచ్చేటప్పుడు శాలువా కప్పారు గానీ, మళ్ళీ పిలుస్తారని నేను అనుకోవడం లేదు.

ఆ పిల్లల్లో కొందరు రేపు సిమెంటు ఫ్యాక్టరీ లాబ్‌లోనో, ఊకతో కరెంటు తీసే ప్లాంటులోనో చేరతారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. ఒక మనిషి బతుకు ఒక అంకె మీద ఎలా వేలాడిందో నేను చెబుతాను.

కాలిందా, కాలిందనుకున్నావా?

బాంబు అన్నంత మాత్రాన భయపడకండి. చెంబంత ఉక్కు పాత్ర. గోడలు మందంగా ఉంటాయి, మూతను మర తిప్పి బిగించాలి. లోపల చిన్న గిన్నెలో మీరు పరీక్షించే బొగ్గునో ఊకనో గ్రాముకు అటూ ఇటూగా బిళ్ళ కట్టి పెడతారు. బిళ్ళకు సన్నటి తీగ తగిలిస్తారు. ఆక్సిజన్ నింపి, కొలిచి పోసిన నీళ్ళ బకెట్‌లోకి దించుతారు. కరెంటు పంపితే తీగ ఎర్రబడుతుంది, బిళ్ళ అంటుకుంటుంది. ఆ వేడంతా నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళు ఎంత వేడెక్కాయో చూసి, ఆ పదార్థంలో ఎంత వేడి ఉందో లెక్క కడతారు. పాత్రా బకెట్టూ కూడా కొంత వేడి తాగుతాయి. అదెంతో తెలుసుకోవడానికి ముందు బెంజోయిక్ ఆమ్లం బిళ్ళ కాలుస్తారు, ఎందుకంటే దాని వేడి ఎంతో లోకమంతా ఒప్పుకున్న లెక్క ఉంది.

ఇంతే పని. వినడానికి వంట చేసినంత సులువు. చేయడానికి ఓపిక కావాలి. ఆక్సిజన్ ఒక్కసారిగా వదిలితే ఊక గిన్నెలోంచి ఎగిరిపోతుంది. నీళ్ళ వేడి నిలకడకు రాకముందే మీట నొక్కితే అంకె చెడిపోతుంది. అంతా అయ్యాక మూత విప్పి లోపల చూడకపోతే అసలు ఏం జరిగిందో మీకు తెలియదు.

ఈ చివరిది నాకు నేర్పింది హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నా మొదటి బాసు భాస్కరం గారు. కోదాడ మనిషి. నేను చేరిన కొత్తలో ఒక బొగ్గు శాంపిల్ కాల్చి, అంకె రాసి, గర్వంగా ఆయన ముందు పెట్టాను.

"ఏమ్మా, కాలిందా?"

"కాలింది సార్."

లేచి వచ్చి బాంబు లోపలి గోడకు వేలు రుద్దాడు. వేలు నల్లగా వచ్చింది. "మసి ఉందంటే పూర్తిగా కాలనట్టే. కాలిందని నువ్వనుకున్నావు. ఆ అంకె పారేసి మళ్ళీ చెయ్యి," అన్నాడు. అప్పుడు తిట్టుకున్నాను. తర్వాత ఉద్యోగమంతా ఆ వేలు నా కళ్ళ ముందే ఉంది.

అంత మంచి గురువే ఇంకో మాట కూడా అనేవాడు. బొగ్గు యార్డులోకి వెళ్ళి శాంపిల్ నేనే తెచ్చుకుంటానంటే, "ఆ దుమ్ములో ఆడపిల్లవి నీకెందుకమ్మా, వాళ్ళే తెస్తారు," అనేవాడు. ప్రేమగానే అనేవాడు. ఆ తర్వాత నాకు వచ్చిన ప్రతి బాసూ అదే మాట అన్నాడు, ప్రేమ లేకుండా. ఆ మాట ఎంత దూరం తీసుకుపోతుందో ఇప్పుడు చూడండి.

ఏసుపాదం లాబ్‌లోకి వచ్చాడు

సిమెంటు ఫ్యాక్టరీ తర్వాత నేను మిర్యాలగూడ దగ్గర ఒక కరెంటు ప్లాంటులో చేరాను. పేరు చెప్పను. చుట్టూ రైసు మిల్లులే కాబట్టి ఊకకు కొదవ లేదు. ఆ ఊక కాల్చి, బాయిలర్‌లో ఆవిరి పుట్టించి, టర్బైన్ తిప్పి కరెంటు తీసేవాళ్ళం. లారీల్లో వచ్చే ఊకకు వేడి ఎంత, తేమ ఎంత అని తేల్చడం నా పని. జి.ఎం. పేరు ప్రసాద్. ఏ మిల్లు ఊక కొనాలో తేల్చేదీ, కొనేదీ ఆయనే.

ఒక ఎండాకాలం బాయిలర్‌లో ఆవిరి పడిపోవడం మొదలైంది. ప్రతి షిఫ్టులోనూ పడిపోయేది గానీ, ఏసుపాదం షిఫ్టులో ఎక్కువ. కొత్తగా మొదలైన ఒక మిల్లు లారీలు ఆ షిఫ్టులోనే దిగేవి. అది అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఏసుపాదం బాయిలర్ ఆపరేటర్. ఊరు అనంతగిరి. మిర్యాలగూడలో కిరాయి ఇంట్లో పెళ్ళాంపిల్లలతో ఉండేవాడు. గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. ఆదివారం చర్చిలో పాడితే వీధి చివరికి వినిపించేదని చెప్పుకునేవాళ్ళు.

మీటింగులో ప్రసాద్ గారు నా రిపోర్టులు గాల్లో ఊపారు. "ఊక బ్రహ్మాండంగా ఉంది, లాబ్ చెబుతోంది. బాయిలర్ చూపించాం, బాగానే ఉంది. ఇంక మిగిలింది మనిషేనండీ. నిద్రపోతున్నాడు," అన్నాడు.

బాయిలర్ ఆపరేటర్‌ను నిద్రపోయాడనడం చిన్న మాట కాదు. బస్సు డ్రైవర్‌ను తాగి నడిపాడన్నట్టు. ఆ పేరు ఒకసారి పడితే ఏ మిల్లువాడూ బాయిలర్ దగ్గరికి రానివ్వడు.

మీటింగు అయిన వెంటనే ఏసుపాదం నా లాబ్‌లోకి వచ్చాడు. తలుపు గోడకు కొట్టుకుంది.

"మేడం, ఆ కాయితం రాసింది మీరేనా?"

"నేనే."

"నా నోట్ల మట్టి కొట్టిన్రు గదమ్మా! ఊక మంచిగుంది, మంచిగుంది అని రాస్తిరి. మంచిగుంటే మంట ఎందుకు నిలుస్తలేదు? నేను పండుకున్నంటున్నరు. బాయిలర్ కాడ పండుకుంటే నేనుంటనా, నా పక్కనున్నోళ్ళుంటరా?"

"నేను నువ్వు పండుకున్నవని రాసిన్నా? ఊక సంగతి రాసిన. కాల్చి రాసిన."

"అయితే బ్లోయర్ ఖరాబైంది. గాలి వస్తలేదు. నేను మొత్తుకుంటనే ఉన్న."

బ్లోయర్ విప్పించారు. అది శుభ్రంగా ఉంది. ఆ మాట కూడా ఆయన మీదికే వచ్చింది. తప్పు కప్పిపుచ్చుకోవడానికి మిషన్ మీద నెపం పెట్టాడన్నారు.

నాకు రెండు కోపాలు వచ్చాయి. నా అంకెను పట్టుకుని ఒక మనిషిని కొడుతున్నారని ఒకటి. నా అంకె తప్పని ఆయన అనడం ఇంకొకటి. దాచడం ఎందుకు, రెండోదే ముందు వచ్చింది. వెంటనే బెంజోయిక్ ఆమ్లం కాల్చాను. రావాల్సిన వేడే వచ్చింది. మా దగ్గర మిగిలిన ఊక శాంపిళ్ళు మళ్ళీ బిళ్ళ కట్టి కాల్చాను. అవే అంకెలు. లోపల మసి లేదు. నా పని నిక్కచ్చిగా ఉంది. ఆయన మాటలో అబద్ధం కనబడటం లేదు. రెండూ నిజమైతే, నా దగ్గరికి వచ్చే ఊకా, ఆయన దగ్గరికి వెళ్ళే ఊకా ఒకటి కాకపోవాలి.

లారీలో మోచేతి దాకా

యార్డుకు బయలుదేరాను. గేటు దగ్గర ఎవరో "దుమ్ముంటది మేడం," అన్నారు. "ఉంటే కడుక్కుంటాను," అన్నాను. అప్పుడే ఒక లారీ వచ్చి నిలబడింది. కప్పిన పట్టా తీయిస్తే, పైన ఊక పొడిగా గలగలలాడుతోంది. ఎక్కి, మోచేతి దాకా చెయ్యి దూర్చాను. లోపల చల్లగా, ముద్దగా తగిలింది. చెయ్యి బయటికి తీస్తే ఊక గాజులకు కూడా అంటుకుని ఉంది. దుమ్ము ఎగరకుండా నీళ్ళు చల్లామని చెబుతారు. దుమ్ముకు అన్ని నీళ్ళు అక్కర్లేదు. తూకానికి కావాలి.

నాకు శాంపిళ్ళు పంపేది సైదులు. యార్డు సూపర్‌వైజర్. పాలకీడు దగ్గర వరి పండించే ఇంటివాడు. నెమ్మదస్తుడు, అబద్ధం ఆడే మనిషి కాదు. పిలిచాను.

"సైదులూ, శాంపిల్ ఎట్ల తీస్తున్నవ్?"

"మీరు చెప్పినట్టే మేడం. పైన, నడుమ, అడుగున, అన్ని దిక్కుల నుంచి తీస్త."

"నడుమ ఇంత తడి ఉంది గద. నాకు పొడిగ ఎట్ల వస్తుంది?"

"గా రేకుల మీద ఆరబోస్త గద. మంచిగ ఎండినంక కవర్ల పోసి మీకు పంపిస్త."

"ఎండబెట్టమని నీకెవరు చెప్పిన్రు?"

నా ప్రశ్న ఆయనకు వింతగా తోచింది. "ఎవరు చెప్పుడేంది మేడం? పరీక్షకు తడిది ఎవరన్న తెస్తరా? మా నాయిన వడ్లు మార్కెట్ల పోస్తే తేమ ఉందని వాపస్ తోలిన్రు. మల్ల ఆరబోసి, తిరగబోసి, ఎండకు మాడినంక గాని తీసుకోలే. తడిది తెస్తే మీరు ఊకుంటరా?"

నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. ఈ వరి గడ్డ మీద పుట్టిన మనిషికి అంతకంటే న్యాయమైన ఆలోచన ఇంకేం వస్తుంది? పరీక్షకు పోయేది ఏదైనా ఎండబెట్టుకునే పోవాలని మార్కెట్ యార్డు వాళ్ళు తరతరాలుగా కొట్టి నేర్పారు. సైదులు నాకు గౌరవం చేశాననుకున్నాడు. ఊకను ఎండబెట్టడం కూడా తప్పు కాదు, తడిది పొడి చేసే మరలో పట్టదు. ఎండబెట్టకముందు ఒకసారి, ఎండబెట్టాక ఒకసారి తూచి ఉంటే పోయిన నీళ్ళెంతో తెలిసేది. అది యార్డులో ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన నన్ను యార్డులోకి రానివ్వలేదు.

నా కోపం మిల్లుల వైపు తిరిగింది. రైతు వడ్లలో పిసరంత తేమ ఉంటే మిషన్ గుచ్చి, మొహం చిట్లించి, తరుగు తీసే మిల్లు ఇదే. అదే వడ్ల మీద ఊడిన పొట్టు అమ్మేటప్పుడు మాత్రం పైపు పెట్టి తడుపుతుంది. రైతు దగ్గర నీళ్ళు మోసం, వాళ్ళ దగ్గర నీళ్ళు సరుకు.

తడి వల్ల నష్టం ఒక్క రకం కాదు. కిలో ఊక అని పోసినదాంట్లో కొంత నీళ్ళే. ఆ నీళ్ళు ఆవిరి కావడానికి మిగిలిన ఊక తన వేడి ఖర్చు పెట్టాలి. ఇక్కడ బాంబును కూడా గుడ్డిగా నమ్మకండి. బాంబు మూత బిగించి ఉంటుంది కాబట్టి, లోపల పుట్టిన ఆవిరి మళ్ళీ నీరై, తీసుకున్న వేడిని తిరిగి ఇచ్చేస్తుంది. బాయిలర్‌కు మూత లేదు, పొగగొట్టం ఉంది. ఆవిరి వేడిని మోసుకుని ఆకాశంలోకి పోతుంది. ఆ లెక్క తీసేస్తే గానీ బాయిలర్‌కు నిజంగా దక్కేదెంతో తేలదు. ఏసుపాదం మంట ముందు నిలబడి పోట్లాడింది ఆ నీళ్ళతో.

లారీ నడుమ నుంచి నేనే ఊక తీసి, గాలి పోకుండా డబ్బాలో బిగించి, తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూచి, కాల్చాను. అన్నీ తీసేశాక మిగిలిన అంకె పట్టుకుని జి.ఎం. గదికి వెళ్ళాను.

ప్రసాద్ గారు చదివి, కాగితం బోర్లా పెట్టాడు. "మీరు యార్డుకెందుకు వెళ్ళారండీ?" అన్నాడు.

"మీకు వచ్చిన అనుమానం అదా సార్?"

"ఇది ప్రస్తుతానికి మీ దగ్గరే ఉండనివ్వండి. నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. ఎలా చూసుకున్నాడో వినండి.

రెండు మార్పులు ఒకేసారి

మరుసటి రోజు నుంచి గేటు దగ్గర లారీలో గడ్డపార గుచ్చి, తడి ఉంటే చప్పుడు చేయకుండా వెనక్కి పంపించాడు. అదే రోజు ఏసుపాదాన్ని ఇంటికి పంపి, కొత్త ఆపరేటర్‌ను పెట్టాడు. పొడి ఊక పడింది, ఆవిరి నిలబడింది. ప్రసాద్ గారు హైదరాబాద్‌లో ఉన్న ఎం.డి.కి ఫోన్ చేసి, "ఆపరేటర్‌ని మార్చామండీ, సెట్ అయిపోయింది," అని చెప్పాడు. ప్లాంటంతా నమ్మింది. నిన్నటిదాకా ఏసుపాదంతో టీ తాగినవాళ్ళు కూడా, "పండుకున్నట్టే ఉన్నడు పాపం," అనడం మొదలుపెట్టారు.

ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పని చేసిందో తెలియదు. సైన్సు చదివిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. దాన్నే వాడుకుని ఒక మనిషిని ముంచాడు. అజ్ఞానంతో చేస్తే సర్దుకునేదాన్నేమో. తెలిసి చేశాడు, తడి ఊక కొన్నది తనేనని బయటపడకుండా.

ఏసుపాదం కోదాడ వెళ్ళి మిల్లుల చుట్టూ తిరిగాడు. ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. "ఎక్కడికి పోయినా, నువ్వేనా పండుకున్నోనివి అంటున్నరంట మేడం. మనిషి అన్నం కాడ కూసొని లేస్తుండు. జర మీరన్న సెప్పుండ్రి," అంది. నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఎం.డి. ప్లాంటు చూడటానికి వచ్చిన రోజు నేను యార్డులోనే నిలబడ్డాను. గేటు బయట అప్పుడే వెనక్కి తిప్పిన తడి లారీ ఒకటి ఆగి ఉంది. ఆయన పెద్దమనిషి, పంచె కట్టుకుని వచ్చాడు. ఎదురుగా వెళ్ళి నమస్కారం పెట్టాను.

"సార్, ఆవిరి ఎందుకు నిలబడిందో మీకు చెప్పింది ఒక సగమే. ఆ లారీ లోపలికి పిలిపించండి. కొత్త ఆపరేటర్‌తోనే కాల్పించండి. ఆవిరి నిలబడితే తప్పు పాత మనిషిది, నేను ఈ రోజే రాజీనామా ఇస్తాను."

"సార్ టైం వేస్టండీ," అన్నాడు ప్రసాద్ గారు.

ఎం.డి. ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు. "లారీ పిలువుర్రి," అన్నాడు.

సగం లారీ తడి ఊక బాయిలర్‌లోకి వెళ్ళింది. కొత్త ఆపరేటర్‌కు చెమటలు పట్టాయి. పాపం, అతనేం చేస్తాడు? గాలి పెంచాడు, ఊక పెంచాడు, కేకలు వేశాడు. ఆవిరి చూపించే ముల్లు మాత్రం కిందికే దిగింది. మళ్ళీ పొడి ఊక వేయమన్నాను. మెల్లగా పైకి లేచింది. నాకు గట్టిగా అరవాలనిపించింది.

"ఆ పాతాయనను పిలిపించుర్రి," అన్నాడు ఎం.డి.

ఏసుపాదం అడిగింది

ఏసుపాదం బండి మీద వచ్చేసరికి ఎం.డి. ఇంకా యార్డులోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏసుపాదం గడ్డం పెరిగి ఉంది. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమయ్యా, తప్పు నీది కాదని తేలింది. ఇగ డ్యూటీ ఎక్కు," అన్నాడు ఎం.డి.

"ఎక్కుత సార్. నేను పండుకున్ననని ఊరంత చెప్పిన్రు. పండుకోలేదని ఎవరు చెప్తరు?"

"నేను చెప్తున్న గద."

"మీరు హైదరాబాద్ల ఉంటరు సార్. కోదాడ మిల్లోళ్ళు మిమ్మల్ని అడగరు. జి.ఎం. సార్‌ను గా తడి లారీల చెయ్యి పెట్టమనుండ్రి. గీళ్ళందరు సూడంగ పెట్టమనుండ్రి. గిదే నా మాట."

ప్రసాద్ గారు "ఇదేం న్యూసెన్సండీ," అన్నాడు. ఎం.డి. కుర్చీలోంచి కదలకుండా, "పెట్టవయ్యా," అన్నాడు.

షిఫ్టు మారే వేళ కావడంతో రెండు షిఫ్టుల మనుషులూ అక్కడే ఉన్నారు. లారీ డ్రైవర్లు కూడా దిగి వచ్చారు. ఏ మిల్లు దగ్గర ఏం జరిగిందో కోదాడ దాకా మోసుకుపోయేది వాళ్ళే. ప్రసాద్ గారు చొక్కా చేతులు మడిచి లారీ పక్క మెట్టు ఎక్కాడు. చెయ్యి పైపైన పెట్టి తీయబోయాడు.

"లోపలికి సార్," అన్నాను నేను.

మోచేతి దాకా దూర్చి బయటికి తీశాడు. ఊక ముద్దలు ముద్దలుగా చేతికి, గడియారానికి అంటుకుని ఉన్నాయి. నీళ్ళు మోచేతి నుంచి కారి ప్యాంటు మీద పడ్డాయి. తుడుచుకోవడానికి ఏదైనా ఇస్తారేమోనని అటూ ఇటూ చూశాడు. సైదులు భుజం మీద తువ్వాలు ఉంది, ఆయన కదలలేదు. నా సంచిలో రుమాలు ఉంది, నేనూ తీయలేదు.

ఆయన నోటి నుంచి తప్పైందన్న మాట రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆ కోపం నాకు ఈ రోజుకీ ఉంది. పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు.

ఏసుపాదం ఆ చేతిని కాసేపు చూశాడు. తర్వాత గేటు దాటి లోపలికి వచ్చి, కొత్త ఆపరేటర్ భుజం తట్టి, అతని చేతుల్లోంచి గ్లవ్స్ తీసుకుని తొడుక్కుంటూ బాయిలర్ మెట్లు ఎక్కాడు.